మాట్లాడని యువరాజు, మొరగని కుక్క

సుంకమ్మ గొంతు పోయిన రోజున విజయకంఠీరవ మహారాజుకు వేట దొరకలేదు.

పులి కోసం బయలుదేరిన రాజు మధ్యాహ్నానికి జింకతో సరిపెట్టుకుందామనుకున్నాడు. కాసేపటికి కుందేలైనా చాలనుకున్నాడు. కుందేలు కూడా కనబడకపోయేసరికి జింకగుట్టల ప్రకృతి శోభను మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడే లోయ అవతల నుంచి ఒక పిలుపు వినిపించింది. దాన్ని పాట అనలేం, కేక అనీ అనలేం. గుట్టమీద మేస్తున్న గొర్రెలను కిందికి దింపడానికి సుంకమ్మ పెట్టే పిలుపు అది. అది వినగానే గొర్రెలు తలలెత్తేవి. ఆమె కుక్క, పేరు బూడిద, పొదల్లోంచి లేచి, మందను చుట్టుకుని వచ్చేది.

"బాగుంది," అన్నాడు రాజు.

రాజు బాగుందన్న వస్తువు రాజుది కావడం వేలాపురి రాజ్యంలో ధర్మం. ఆస్థాన మాంత్రికుడు శంఖపాలుడు పల్లకీలోంచి దిగకుండానే ఒక శంఖం మూత తీశాడు, గాలిలోకి చాచి పట్టుకున్నాడు, మళ్లీ మూత పెట్టాడు. పిలుపు సగంలో ఆగిపోయింది.

సుంకమ్మను రప్పించి శాలువా కప్పారు. కృతజ్ఞతలు చెప్పమన్నారు. ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. పల్లెజనానికి మర్యాద తెలియదని మంత్రి దండనాథుడు అక్కడికక్కడే తేల్చి, ఒకసారి సన్మానం పొందినవాళ్లు మళ్లీ కోట గడప తొక్కకూడదని ఉత్తర్వు ఇచ్చాడు.

ఆ సాయంత్రం మంద కిందికి దిగలేదు. సుంకమ్మ మొగుడు మారెన్న అరిచి అరిచి, ఆ అరుపులకు గొర్రెలు ఇంకా పైకి పోతుండటం చూసి, చివరికి వాటిని ఒక్కొక్కటిగా భుజాన మోసుకొచ్చాడు.

తరువాత సుంకమ్మ ఏడవలేదని కాదు. చప్పుడు లేకపోవడం వల్ల ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్లకు ఆమె లేచి, బూడిదను ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేయెత్తితే ఆగాలని, అరచేయి తిప్పితే చుట్టాలని, వేళ్లు ముడిస్తే తోలుకురావాలని నేర్పడం మొదలుపెట్టింది. మారెన్నకూ అదే పాఠం చెప్పింది. కుక్క ముందు నేర్చుకుంది.

ఏడాది తిరిగింది. వైశాఖం ఎండల్లో శంఖదుర్గం నుంచి చాటింపు వచ్చింది. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ కోటలో ఏటా మందపందెం జరుగుతుంది. వాలు మీద వదిలిన గొర్రెలను కుక్క పోగుచేసి, రెండు రాటల నడుమ నుంచి తోలి, కోట దొడ్లో చేర్చాలి. నెగ్గినవారు కోటలో ఏ వస్తువు కోరితే ఆ వస్తువు. అయితే రాజవంశీయులే పాల్గొనాలి. వేలాపురిలో కుక్కను కులమడగరు. దాన్ని పట్టుకున్నవాణ్ణి అడుగుతారు.

"రాజులకే అంట," అన్నాడు మారెన్న. "అయితే నేను రాజునైపోతే సరిపాయె గదా?"

సుంకమ్మ అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. ఆమె భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు అది.

"నవ్వినావా? సరే, నువ్వే యువరాజువు. నేను నీ మంత్రిని. నువ్వు మాట్లాడలేవు, నేను మాట్లాడకుండా ఉండలేను. రెండూ ఆ కొలువులకు సరిగ్గా సరిపోతాయి."

వీధి భాగవతుల దగ్గర బెండు కిరీటం, అద్దకపు తలపాగా దొరికాయి. ఉత్తరీయంగా వేసుకోవడానికి ఏదీ దొరక్క, సుంకమ్మ పెట్టె అడుగున పడేసిన సన్మానపు శాలువాను తీసి దులిపి భుజాన వేసుకుంది.

*

శంఖదుర్గం సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాతి కొన మీద నిలిచి ఉంది. మూడు వైపులా అలలు దాని పాదాలను కడుగుతుంటాయి. బురుజుల మీద ముత్యపు చిప్పలు పొదిగిన గోపురాలు ఉదయపు ఎండకు మెరిసి, దారి తప్పిన ఓడలకు రెండో సూర్యుడిలా కనిపిస్తాయి. ప్రాకారం పొడవునా రాతి మకరాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అన్నిటికీ పైన, ఆకాశానికి గురిపెట్టిన వేలిలా, తెల్లని శంఖశాల గోపురం. దూరం నుంచి చూస్తే దేవతలు కట్టారనిపిస్తుంది. దగ్గరికి పోతే గోడల నిండా పాచి, మకరాల నోళ్లలో పిచ్చుకల గూళ్లు, గాలి మళ్లినప్పుడల్లా ఎండుచేపల వాసన.

పందెం చూడటానికి జనం పొద్దున్నే చద్దిమూటలతో దిగారు. తాటిముంజలు అమ్మేవాళ్లు గొడుగులు పాతుకున్నారు. కోట వాకిట నూకాలు అనే బెస్త మనిషి పెనం మీద నెత్తళ్ల చేపలు వేయించి అమ్ముతోంది. ధర అడిగితే వేళ్లు చూపిస్తుంది. బేరమాడితే అట్లకాడ చూపిస్తుంది. సుంకమ్మ ఆమె ఎదుట ఒక్క క్షణం ఆగింది. నూకాలు తన గొంతును తాకి, పైనున్న తెల్లని గోపురం వైపు వేలు చూపించింది. అంతే. ఇద్దరూ ఒకరికొకరు అర్థమయ్యారు.

ద్వారపాలకుడు బల్లెం అడ్డం పెట్టాడు. "ఎవరు మీరు? ఏ దేశం?"

"రత్నఖేటద్వీప యువరాజు, శ్రీశ్రీశ్రీ మౌనభూపాలుల వారు," అన్నాడు మారెన్న. "నేను వారి మహామంత్రిని."

"వారినే చెప్పమనండి."

"ఏందీ? నీతోనా?" మారెన్న చెవులు మూసుకున్నాడు. "మా ప్రభువులు సాటివాళ్లతో తప్ప మాట్లాడరయ్యా! పోయినేడు ఇట్లనే ఒక సేనాపతి అడిగినాడు. ఇప్పుడు వాడు మా గుర్రాలకు గడ్డి కోస్తన్నాడు."

వెనక నుంచి సుంకమ్మ అతని నడుము మీద గట్టిగా గిల్లింది. ఎక్కువ చెప్పావని దాని అర్థం. కాని ద్వారపాలకుడు అప్పటికే మోకాళ్ల మీద ఉన్నాడు.

సుంకమ్మను రాజు పక్కనే కూర్చోబెట్టారు. రాజు శాలువా వైపు చూసి చూసి, "అద్భుతమైన నేత. ఇలాంటిది మన రాజ్యంలో దొరకదు," అన్నాడు. సుంకమ్మ అతని వైపు తిరిగి చూసి, మళ్లీ సముద్రం వైపు తిరిగింది.

రాజు ముఖం పాలిపోయింది. యువరాజు సాటివాళ్లతోనే మాట్లాడతాడన్న మాట కొలువంతా పాకింది. తనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదని అడిగితే, తాను సాటివాడు కానని ఒప్పుకున్నట్టే. బాగా ఆలోచించి, రాజు తానూ నోరు మూసుకున్నాడు. రాజు నోరు మూసుకోవడం చూసి మంత్రులు మూసుకున్నారు, మంత్రులను చూసి కవులు మూసుకున్నారు. వేలాపురి కొలువులో కవులు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు. జనం చాలా సంతోషించారు.

ఒక్క దండనాథుడికి మాత్రం మాట్లాడక తప్పలేదు. పందేనికి తీర్పరి అతడే. అతని ఆసనం, తోటి తీర్పరుల ఆసనాలు గొర్రెలకు వీపు పెట్టి ఉన్నాయి. ఎండ కళ్లలో పడకుండా, సముద్రపు గాలి ముఖానికి తగిలేలా పూర్వం ఎవరో అలా వేయించారు. అప్పటినుంచీ వేలాపురిలో మందపందేనికి చెవులతో తీర్పు చెప్తున్నారు. ఎంత మొరిగితే అన్ని మార్కులు.

మొదట రాజుగారి కుక్క రణభేరి దిగింది. మెడలో వెండి పట్టెడ, నుదుట బొట్టు. దిగీ దిగగానే మొరగడం మొదలుపెట్టింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. కొన్ని సముద్రంలోకి నడిచాయి. ఒకటి ముంజలవాడి గొడుగు కింద దూరి, బయటికి రానంది. రణభేరి వాటి వైపు చూడనైనా చూడలేదు. తీర్పరుల వెనక నిలబడి, వాళ్లను చూసి మొరిగింది.

"నూటికి నూరు!" అన్నాడు దండనాథుడు పరవశంగా.

"అయ్యా," అన్నాడు జనంలోంచి ఒక ముసలాయన, "దొడ్లో ఒక్క గొర్రె గూడా లేదు గదా?"

"దొడ్డి మాట ఎవడడిగాడు? విన్నావా ఆ గర్జన? అదీ పరిపాలనంటే."

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా రాకుమారుల కుక్కలు ఒకదాని తరువాత ఒకటి మొరిగాయి. ముగిసేసరికి తీర్పరుల చెవుల్లో దూది ఉంది, దొడ్లో ఏమీ లేదు. అప్పుడు రత్నఖేటద్వీపం పేరు పిలిచారు.

సుంకమ్మ లేచి రాతి మెట్టు మీద నిలబడింది. అరచేయి తిప్పింది.

బూడిద పరుగెత్తలేదు, ప్రవహించింది. కడుపు గడ్డికి ఆనించి, వాలు చివరిదాకా పెద్ద వలయం చుట్టి, గొర్రెల అవతల లేచి నిలబడింది. అంతే. చూసింది. ముందు నిలిచిన పొట్టేలు కాలు నేలకేసి కొట్టింది. బూడిద ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. పొట్టేలు ఆలోచించి వెనక్కి తిరిగింది. పొట్టేలు తిరిగితే మంద తిరిగింది. సుంకమ్మ చేయి గాలిలో కొద్దిగా వంగినప్పుడల్లా, అంత దూరాన మంద అంచు అదే మేరకు వంగింది. సముద్రంలోవి ఒడ్డుకొచ్చాయి. గొడుగు కిందది బయటికొచ్చింది. అన్నీ రెండు రాటల నడుమ నుంచి, జనం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, శంఖశాల కింది దొడ్లోకి నడిచాయి. వాటి వెంట బూడిద కూడా వెళ్లి గడప దగ్గర పడుకుంది. కాపలావాడు తలుపు మూశాడు.

"ఇంకా మొదలుపెట్టరేం?" అన్నాడు దండనాథుడు, సముద్రాన్ని చూస్తూ.

"అయిపాయె సామీ," అన్నాడు మారెన్న.

తీర్పరులు వెనక్కి తిరిగి చూశారు. ఆ పందేల చరిత్రలో వాళ్లు వెనక్కి తిరగడం అదే మొదటిసారి. వాలు ఖాళీగా ఉంది. దొడ్డి నిండుగా ఉంది.

"ఇందులో కుక్క చేసిందేముంది?" అన్నాడు దండనాథుడు. "గొర్రెలు వాటంతటవే వచ్చాయి. సున్నా."

జనం గొల్లుమన్నారు. మారెన్న చేతులు జోడించి, రాజుకు మాత్రమే వినిపించేలా వంగాడు. "ప్రభూ, మా దీవిలో ఒక ఆచారముంది. మొరిగే కుక్కల్ని వంటింటి కాడ కట్టేస్తాం. రాజుల కుక్కలు మొరగవు. మొరిగితే గాని ఎవరూ లెక్కచేయనోళ్లకు గదా మొరిగే పని?"

రాజు రణభేరి వైపు చూశాడు. అది ఒక ఎండ్రకాయను చూసి గర్జిస్తోంది. రాజు చెవులు ఎర్రబడ్డాయి. నోరు విప్పకుండానే దాని మూతికి గుడ్డ కట్టమని సైగ చేశాడు. ఆ సైగ అర్థంకాక భటులు ముందు దండనాథుడి మూతికి కట్టారు. తప్పు తెలిసినా విప్పమని రాజు చెప్పలేదు కనుక, విప్పలేదు.

సున్నా అనడానికి ఇక నోరు లేదు. అలా రత్నఖేటద్వీపం నెగ్గింది.

*

శంఖశాలలో నేల నుంచి కప్పు దాకా అరలు. అరల నిండా శంఖాలు. పాల నురుగు లాంటివి, పసుపు రాసినట్టున్నవి, నెమలి మెడలా మిలమిలలాడేవి, గవ్వంత చిన్నవి, పసిపిల్ల పట్టేంత పెద్దవి. ప్రతిదాని నోటికీ లక్క మూత. గాలి వీచినప్పుడు గది మొత్తం, నిద్రలో కలవరిస్తున్నట్టు, లోలోపల గొణిగింది. సుంకమ్మ అరల వెంట నెమ్మదిగా నడిచింది. ఒక్కో శంఖం దగ్గరా ఆగి, చెవి ఒగ్గి, ముందుకు కదిలింది. మారెన్న జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా నిలబడ్డాడు.

"కోరుకోండి, యువరాజా," అన్నాడు శంఖపాలుడు గుమ్మం దగ్గర నుంచి. సన్నగా, పొడుగ్గా, ఎండిన సొరకాయలా ఉన్నాడు. చేతిలో వెండిపొన్ను వేసిన దండం. నడుముకు ఏదో మూట. "ఒక చిన్న నియమం. కోరిక నెగ్గినవారి నోటి నుంచే రావాలి."

మారెన్న అడ్డొచ్చాడు. "నెగ్గింది కుక్క గదా సామీ?"

"అయితే కుక్కనే అడగమను."

"మా ప్రభువులు సాటివాళ్లతో తప్ప..."

"ఈ శాలువా నేను కప్పిందేనయ్యా," అన్నాడు శంఖపాలుడు. "జింకగుట్టల్లో. కింది అంచున నూనె మరక కూడా నాదే. ఆ రోజు పల్లకీలో గారెలు తిన్నాను."

మంత్రులతో, భటులతో వెంట వచ్చిన రాజు వైపు అందరూ చూశారు. పొద్దుటి నుంచి అదిమిపెట్టిన మాటలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"అంటే పొద్దున్నుంచీ నేను ఒక గొర్రెలకాపరి ముందు నోరు మూసుకుని కూర్చున్నానా?"

"గొర్రెలకాపరి పెండ్లాం ముందు, ప్రభూ," అని సరిదిద్దాడు మారెన్న. "గొర్రెలు ఆమెవి. నేను ఊరికే వెంట తిరుగుతాంటా."

"పట్టుకోండి!"

భటులు దూకారు. మారెన్న తన తలపాగా విప్పి మొదటివాడి ముఖాన విసిరాడు. రెండోవాడి కాళ్ల మధ్య నుంచి దూరి, మూడోవాడి వీపు మీద ఎక్కాడు. సుంకమ్మ కిరీటం పారేసి గవాక్షం దగ్గరికి పరుగెత్తింది. కింద దొడ్డి. దొడ్డి నిండా గొర్రెలు. వాటిని ఆ సాయంత్రం రాజుగారి విందుకు కోయడానికి వంటవాళ్లు కత్తులు నూరుకుంటూ ఉన్నారు. దొడ్లోంచి గోపురానికి ఎక్కే మెట్ల తలుపు బార్లా తెరిచి ఉంది. బూడిద తలెత్తి ఆమె చేతుల వైపు చూస్తోంది.

సుంకమ్మ వేళ్లు ముడిచింది.

మెట్ల మీద మొదట గిట్టల చప్పుడు వినిపించింది. తరువాత గోపురం అదిరింది. పొట్టేలు గుమ్మంలోంచి దూసుకొచ్చింది. దాని వెనక మంద, మంద వెనక బూడిద. శంఖపాలుడు మంత్రం మొదలుపెట్టాడు, సగంలో పొట్టేలు అతని కడుపులో కుమ్మింది. దండం ఎగిరి గుమ్మానికి అడ్డంగా పడింది. వెనక వస్తున్న గొర్రె దాని మీదుగా ఎగిరి దూకింది. తరువాతది దూకింది. దండం ఎప్పుడో పక్కకు దొర్లిపోయింది. అయినా ప్రతి గొర్రే సరిగ్గా అక్కడికి రాగానే, లేని దండం మీదుగా ఎగిరి దూకింది. కాసేపటికి ప్రాణభయంతో పారిపోతున్న రాజు కూడా గొర్రెల మధ్య చిక్కుకుని అక్కడ ఎగిరి దూకాడు. రాజు దూకాడని మంత్రులు దూకారు, మంత్రులు దూకారని భటులు దూకారు. ఆ రోజు నుంచి ఆ గుమ్మం దాటేటప్పుడు దూకడం వేలాపురి రాజమర్యాద అయింది.

లోపల అరలు ఒకదాని మీద ఒకటి ఒరిగాయి. శంఖాలు నేలను తాకి పగిలాయి. గొంతులు లేచాయి.

జోలపాట ఒకటి కప్పు చుట్టూ తిరిగి కిటికీ వెతుక్కుంది. పడవ లాగే పదం, దంపుళ్ల పదం, ఎవరో తాత పగలబడి నవ్విన నవ్వు. శిస్తు ఎందుకు పెంచారని అడిగిన గొంతు ఒకటి రాజు వెంటపడి మెట్లు దిగేదాకా అదే ప్రశ్న అడిగింది. "నీ కోటకు చెదపట్టా!" అన్న గొంతుకు తోడుగా అలాంటివే ఇంకో నలభై లేచాయి. రాజు మెచ్చి తెచ్చుకున్నవి కొన్ని అయితే, నచ్చక తెచ్చుకున్నవి అంతకు రెట్టింపు ఉన్నాయని అప్పుడు తెలిసింది. అన్నీ కిటికీల్లోంచి తమ మనుషుల వైపు ఎగిరిపోయాయి. కింద వాకిట, ఏళ్ల క్రితం సగంలో తెగిన తిట్టును నూకాలు ఆ సగం నుంచే అందుకుంది. "...ఎదవ మొకమా, చేప కంపా? తినీటప్పుడు లేదేట్రా కంపు నీకు!"

సుంకమ్మ గది నడుమ, నోరు కొద్దిగా తెరుచుకుని నిలబడింది. గొంతులు ఆమె చెవుల పక్కగా, జుట్టును కదిలిస్తూ పోయాయి. ఒక్కొక్కటి దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె తల ఎత్తింది. అది దాటి పోయింది. చివరికి గాలి తేలికపడింది. గదిలో గొర్రెలు రొప్పే చప్పుడు మిగిలింది.

"సుంకీ," అన్నాడు మారెన్న. "ఏమన్నా అను."

ఆమె తల అడ్డంగా ఊపింది.

కిటికీ గట్టు మీద నుంచి ఎవరో దగ్గారు. శంఖపాలుడు కడుపు పట్టుకుని, ఒక కాలు బయట వేసి కూర్చున్నాడు. నడుము మూట విప్పాడు. లోపల నీలి శంఖం, దాని చుట్టూ ఎర్రదారం.

"మేలురకం సరుకు ఎవడైనా అరలో పెడతాడా?" అన్నాడు. "ఇది రాజుగారికి కూడా వినిపించలేదు. నేనే రోజూ పడుకోబోయే ముందు..."

మారెన్న ఎగిరి అతని కాలు పట్టుకోబోయాడు. చేతికి చెప్పు చిక్కింది, కాలు చిక్కలేదు. శంఖపాలుడు వెనక్కి వాలి, పడుతూ పడుతూ నల్లని నీటికాకిగా మారి, దారాన్ని ముక్కున కరుచుకుని రెక్కలు విప్పాడు. శంఖం రాతి గట్టుకు తగిలింది. మూత చెదరలేదు గాని, లోపలున్నది ఒక్క క్షణం బయటికి వినిపించింది. జింకగుట్టల లోయలో సగంలో ఆగిన పిలుపు.

బూడిద కిటికీ వైపు పరుగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి సుంకమ్మను చూసింది. మళ్లీ కిటికీని చూసింది. పిలుపు ఒక చోట, పిలిచే మనిషి ఒక చోట ఉండటం దానికి అర్థం కాలేదు.

మెట్ల మీద భటుల అడుగులు వినిపించాయి. సుంకమ్మ శాలువాను సముద్రం వైపు గవాక్షపు స్తంభానికి కట్టి, దానికి మారెన్న తలపాగా ముడివేసి, బూడిదను చంకనెత్తుకుని కిందికి జారింది. మారెన్న దేవుళ్లందరి పేర్లూ చదువుతూ జారాడు. గొంతు రాగానే పెనం వదిలేసి వచ్చిన నూకాలు పడవ కింద అలల్లో సిద్ధంగా ఊగుతోంది.

"ఎక్కండెక్కండి!" అంది నూకాలు, తెడ్డు ఒకటి మారెన్న చేతిలో కుక్కుతూ. "ఆ నల్లపిట్ట గాడిదలదిబ్బ దీవేపు ఎల్తంది. అక్కడ సుడిగుండాలున్నాయి, మనుసుల్ని మింగీ సొరలున్నాయి, ఆడి అన్న ఇంకో మంత్రగాడున్నాడు. దార్లో అన్నీ చెప్తాను. సానా మాటలున్నాయి నా కాడ."

"చెప్పు తల్లీ," అన్నాడు మారెన్న. "నా మాటలు ఈ పూటకు అయిపోయినాయి."

కోట మీద నుంచి మొదటి బాణం వచ్చి పడవ అంచున గుచ్చుకుంది. సుంకమ్మ రెండో తెడ్డు అందుకుని, పిట్ట పోయిన దిక్కు నుంచి కళ్లు తిప్పకుండా నీళ్లలోకి వేసింది. వెనక ఒడ్డున జనం పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు, ఏడుస్తున్నారు, పాడుతున్నారు, పోట్లాడుకుంటున్నారు. శంఖశాలలోని గొంతులన్నీ ఎవరివి వారికి చేరాయి. సుంకమ్మ గొంతును ఇంకా తేవలసి ఉంది.